మిగిలిన గుక్క

కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్ నుంచి ఇంటికి రాగానే ఆమె భుజానున్న సంచీ కూడా దించేది కాదు. నేరుగా వంటగదిలోకి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు పట్టుకుని, కిటికీ పక్కనున్న కుండీ మూతిలో పోసేది. ఎర్రపుల్ల పైకి లేచేదాకా చూసేది. ఆ తర్వాతే సంచీ, ఆ తర్వాతే చెప్పులు, ఆ తర్వాతే తన ఆకలి.

అది తాగే కుండీ. పైకి చూస్తే ఒకటే, విప్పితే రెండు. బయటిది నున్నగా పూత పూసిన పింగాణీ తొట్టి, లోపలిది ఏ పూతా లేని మట్టి కుండీ. మొక్క లోపలి దాంట్లో ఉంటుంది, నీళ్ళు రెండింటి నడుమా ఉంటాయి. మట్టిగోడ ఆ నీళ్ళని కొంచెం కొంచెంగా పీల్చి వేళ్ళకి అందిస్తుంది. పక్కన చిన్న మూతి, అందులో తేలుతూ ఎర్ర కొన ఉన్న పుల్ల. పుల్ల పైకి ఉంటే నీళ్ళున్నట్టు, మునిగితే పొయ్యమన్నట్టు. ఊళ్ళో సగం ఇళ్ళలో ఇవే. పిల్లలు వాటిని తాగుబోతు కుండీలు అంటారు.

ఒకే బట్టీలో ఒకేసారి కాలిన కుండీలకి నీళ్ళు ఒకటే. ఒకదాంట్లో పోస్తే రెండోదాంట్లోనూ పెరుగుతాయి, అది ఏ వీధిలో ఉన్నా సరే. అందుకే తెలివైనవాళ్ళు ఒక కాల్పు కుండీలన్నీ తామే కొనుక్కుంటారు. ఒక్కదాంట్లో పోస్తే చాలు, ఇంట్లో మొక్కలన్నీ తాగుతాయి. తెలివి తక్కువవాళ్ళు విడి కుండీ ఒకటి కొనుక్కుని, ముక్కూ మొహం ఎరగనివాళ్ళ మొక్కకి జీవితాంతం నీళ్ళు మోస్తూ కూర్చుంటారు. ఆమె పనిచేసే ల్యాబులోనూ ఇదే జాగ్రత్త. ఇద్దరి పళ్ళు ఒకే ఫర్నేసులో ఒకేసారి కాల్చకూడదని యజమాని గోడ మీద పెద్దక్షరాలతో రాయించాడు. కొత్తగా చేరిన ఒకాయన ఆ మాట మర్చిపోయి కాల్చేస్తే, ఎవరో పెద్దమనిషి ఐస్‌క్రీమ్ తిన్నప్పుడల్లా ఇంకెక్కడో ఒకావిడకి పన్ను జివ్వుమనేది. ఆవిడ ఊరంతా గాలించి ఆయన్ని పట్టుకుని, చెడామడా తిట్టి మరీ వచ్చింది.

ఈమె కుండీకి జత అత్తగారింట్లో ఉంది. మాజీ అత్తగారు అనాలి. కానీ ఆ మాట పలకడం ఎవరికీ అలవాటు కాలేదు కాబట్టి మనమూ అత్తగారనే అందాం.

ఆ జత కొన్నది అత్తాకోడళ్ళే, ఇద్దరూ కలిసి, బేరమాడి, చెరొకటి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నారు. తర్వాత మొగుడూ పెళ్ళాలు విడిపోయారు. అతనిది లిఫ్టులు బిగించే ఉద్యోగం, నెలలో సగం రోజులు పరాయి ఊళ్ళలోనే. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు, అంతే. సామాను పంచుకునే రోజున అత్తగారు కుండీలోని పీస్ లిల్లీ దుబ్బుని నేల మీద పెట్టుకుని, వేళ్ళు తెగకుండా రెండుగా విడదీసింది. కుండీ ఒకటి, సగం మొక్క ఒకటి కోడలి వైపు జరిపింది. "ఇది నీది" అంది. అంతకుమించి ఒక్క మాట లేదు. నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు.

అక్కడే వచ్చింది చిక్కు. విడిపోయినప్పటినుంచీ నీళ్ళు పోసేది కోడలే. అవతలినుంచి ఒక్క గ్లాసు పడితే ఒట్టు. పోసింది తను, తాగేది రెండు మొక్కలు. ఆమె పగలంతా కొలతలు కొలిచే మనిషి, పన్ను అంచు వెంట్రుకవాసి ఎక్కువైనా పట్టేస్తుంది. ఎర్రపుల్ల తను పొయ్యనిదే ఒక్కసారి కూడా లేవలేదని ఆమెకి తెలుసు. వాన వల్ల ల్యాబులోనే ఉండిపోయిన రోజున కూడా లేవలేదు. ఆ మర్నాడు పొద్దున్నే విడిపోయిన మొగుడు మాత్రం ఫోన్ చేశాడు, పాత గొడుగు పొరపాటున నీ దగ్గరికి వచ్చిందా అని. లేదంది. సరే, బాగానే ఉన్నావుగా అన్నాడు. ఆ గొడుగేంటో, పొద్దున్నే ఆ ఫోనేంటో ఆమెకి అర్థం కాలేదు.

"అత్తగారింటినుంచి తప్పించుకున్నా కోడలి చాకిరీ తప్పలేదు" అని ల్యాబులో నవ్వుతూ చెప్పేది. నవ్వేది కానీ లోపల మండేది.

అత్తగారు ఒకప్పుడు కుట్టు టీచరు. ఆవిడ పిలిస్తే వీధి చివరి ఇంట్లోవాళ్ళు కూడా ఏంటీ అని బయటికొచ్చేవాళ్ళు. ఆవిడకి ఒక పాత అలవాటు ఉంది. గ్లాసు ఎప్పుడూ ఖాళీ చెయ్యదు. చివరి గుక్క ఒకటి మిగిల్చి, దగ్గర్లో ఏ మొక్క ఉంటే దాని మొదట్లో పోస్తుంది. ఈ అలవాటు మీద అత్తాకోడళ్ళకి చాలాసార్లే వాదన జరిగింది.

"పైనుంచి పొయ్యకండి అత్తయ్యా! ఇవి కిందినుంచి తాగే కుండీలు. పైన తడిస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి."

"ఒక్క గుక్కకి కుళ్ళిపోయే వేళ్ళేం వేళ్ళే?"

"పోస్తే పక్క మూతిలో పొయ్యండి."

"నాకు మొక్క కనపడుతుంది కానీ మూతి కనపడదు."

ఎండాకాలంలో ఒక రోజు పొద్దున కూడా అత్తగారు బీపీ మాత్ర వేసుకుని, గ్లాసులో గుక్కెడు మిగుల్చుకుని వెనక బాల్కనీలోకి వెళ్ళింది. అంతకుముందే బట్టలు ఆరేసింది. నేల తడిగా ఉంది. మొక్క మీదికి వంగి గ్లాసు వంచబోయేసరికి కాలు జారింది. తుంటి మీద పడింది. లోపల ఏదో ఫట్ మన్న చప్పుడు ఆవిడకే వినిపించింది. కాసేపు ఊపిరి అందలేదు. అందాక లేవబోయింది. కాలు కదిలిస్తే ప్రాణం పోయినట్టయింది.

ఫోన్ మంచం మీద ఉంది. వీధి తలుపు లోపల గడియ వేసి ఉంది. కొడుకు ఊళ్ళో లేడు. వెనక బాల్కనీకి ఎదురుగా కొత్త బిల్డింగు కడుతున్నారు. పొద్దున మొదలుపెడితే పొద్దు గూకేదాకా గోడలు తొలిచే డ్రిల్లింగ్ మిషన్లే. ఆవిడ అరిచింది. వీధి చివరిదాకా వినపడే ఆ గొంతుని మిషన్ మింగేసింది. అరిచి అరిచి గొంతు పోయింది. ఎండ నడినెత్తికొచ్చింది.

స్టీలు గ్లాసు దొర్లుకుంటూ వెళ్ళి కుండీకి తగిలి ఆగింది. అత్తగారు మోచేతుల మీద కొంచెం కొంచెంగా జరిగి దాన్ని అందుకుంది. తర్వాత లోపలి కుండీని పట్టుకుని లాగింది. అది మొక్కతో సహా ఊడివచ్చి, చేతికందనంత దూరం దొర్లి పగిలింది. మట్టంతా చెల్లాచెదురైంది. తొట్టి మాత్రం పక్కనే నిలబడి ఉంది. ఆవిడ అందులో గ్లాసు ముంచి తాగింది. తాగి, అలవాటు కొద్దీ చివరి గుక్క మిగిల్చింది. పొయ్యడానికి మొక్క అందదు. తొట్టిలోనే పోసేసింది.

ఆ సాయంత్రం కోడలు ఇంటికొచ్చి చూస్తే ఎర్రపుల్ల అడుగంటి ఉంది. నిన్న పైన తేలుతూ ఉంది. ఎండాకాలమైనా ఒక్క రోజులో మొక్క ఇంత తాగదు. ఆమె గ్లాసుడు పోసింది. పుల్ల లేచింది.

అక్కడ బాల్కనీలో తొట్టిలో నీళ్ళు పెరిగాయి. అత్తగారు అది చూసి, అంత నొప్పిలోనూ అమ్మయ్య అనుకుని కళ్ళు మూసుకుంది.

ఇక్కడ కోడలు ఇంకా సంచీ దించనే లేదు, పుల్ల మళ్ళీ మునిగింది. ఒకేసారి కాదు. కాస్త మునిగి ఆగింది. ఇంకాస్త మునిగి ఆగింది. తర్వాత గుక్కెడు పైకి లేచింది. ఆమె ఇంకో గ్లాసు పోసింది. కాసేపటికి మళ్ళీ అదే వరస.

"ఆటలాడుతోంది నాతో" అనుకుంది కోడలు.

ఇంకేమనుకుంటుంది మరి? నెలల తరబడి ఒక్క చుక్క పొయ్యని మనిషి, ఇప్పుడు పోసినవి తోడి పారబోస్తోంది. పైగా కాస్త తిరిగి పోసి వెక్కిరిస్తోంది. బట్టలు ఉతుక్కుంటోందో, నేల కడుక్కుంటోందో! ఫోన్ చేసి అడిగేద్దామా అని నంబరు తీసింది. ఏమని పిలవాలో తోచలేదు. అత్తయ్యా అంటే, ఎవరే నీకు అత్తయ్య అంటుందేమోనని భయం. ఫోన్ పక్కన పడేసింది. ఆ పూట ఇక ఒక్క గ్లాసు కూడా పొయ్యలేదు.

తెల్లారి లేచి చూస్తే పుల్ల మళ్ళీ అడుగున ఉంది. లిల్లీ ఆకులు వాలిపోయి ఉన్నాయి. ఆ వాలిన ఆకుల్ని చూసేసరికి కోడలికి ఏడుపొచ్చింది. ఆ ఇంటినుంచి ఆమె అడిగి తెచ్చుకున్నవి ఏవీ లేవు, ఇచ్చింది ఇదొక్కటే. దీన్ని కూడా బతకనివ్వదా అనిపించింది. మొక్క కోసం గ్లాసుడు పోసింది కానీ, అప్పటికే మనసులో ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఆ రోజు ల్యాబుకి సెలవు. మొక్కని లోపలి కుండీతో సహా తీసి పళ్ళెంలో పెట్టింది. తొట్టిని తువ్వాలులో చుట్టుకుని, నీళ్ళు తొణక్కుండా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది.

కుండీలు చేసే ఆవిడని అందరూ బట్టీ అక్క అంటారు. ఊరి చివర పెద్ద షెడ్డు, షెడ్డు వెనక బట్టీ, ముందంతా ఆరబెట్టిన కుండీలు. చేతులకి మోచేతుల దాకా మట్టి, మాటకి మాత్రం ఎక్కడా మట్టి అంటదు, అంత నున్నగా మాట్లాడుతుంది. ఆమె తొట్టిని తిప్పి అడుగున గుర్తు చూసింది.

"నా కుండీయే. జత ఎక్కడుంది?"

"వేరే ఇంట్లో. విడదీయాలక్కా."

ఒకసారి కలిసి కాలిన కుండీలని విడదీయడానికి దారి ఒకటే. ఒకదాన్ని ఒంటరిగా మళ్ళీ బట్టీ ఎక్కించాలి. అలా కాలాక దాని నీళ్ళు దానివే, జత సంగతి మర్చిపోతుంది. అయితే బట్టీలో పెట్టేముందు చుక్క తడి ఉండకూడదు. ఉంటే వేడికి పేలిపోతుంది, పక్కనున్నవాటిని కూడా పగలగొడుతుంది. జత కుండీలో నీళ్ళుంటే ఇది ఆరదు కాబట్టి, రెండువైపులా నీళ్ళన్నీ ఒంపెయ్యాలి.

"అవతలివాళ్ళకి చెప్పావా?" అంది బట్టీ అక్క. "చెప్పకుండా ఒంపితే వాళ్ళ మొక్క గతేం కావాలి?"

కోడలు చేతిలో తువ్వాలు మడతపెట్టింది.

"చెప్పాను" అంది.

బట్టీ అక్క ఆమె మొహంలోకి చూసింది. చూసి, నాకెందుకులే అన్నట్టు తొట్టిని ఎత్తి మట్టినీళ్ళ గోలెంలోకి వంచింది. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఆ తొట్టి పట్టే నీళ్ళు ఎప్పుడో అయిపోవాలి, ఇంకా ధార వస్తూనే ఉంది. అవతలి నీళ్ళు కూడా ఇటే వస్తున్నాయి.

బాల్కనీలో అత్తగారికి మగతగా ఉంది. రాత్రంతా ఆవిడ నొప్పితో నిద్రపోలేదు. పొద్దున్నుంచి ఎండ మొహం మీదే ఉంది. పెదాలు పగిలి రక్తం కారింది. నీళ్ళు పొదుపు చెయ్యాలని, మొదటిసారి తాగినంత తాగడం మానేసింది. ఇంతలో తొట్టిలోనుంచి చిన్న శబ్దం వినిపించింది, బొడబొడమని. తలెత్తి చూసింది. నీళ్ళు దిగిపోతున్నాయి. ఎవరూ ముంచకుండానే, కళ్ళముందే దిగిపోతున్నాయి.

"వద్దే" అంది. గొంతులోనుంచి గాలి తప్ప ఏమీ రాలేదు. "వద్దే, అమ్మాయ్, ఒంపకు."

గ్లాసు ముంచింది. తొందరలో సగం ఒలికిపోయాయి. మళ్ళీ ముంచేసరికి అడుగు తగిలింది. ఎలాగో గ్లాసులో సగానికి పైగా దక్కాయి. తొట్టి ఎండిపోయింది. ఆవిడ ఆ గ్లాసుని గుండెకి ఆనించుకుని, ఇదే ఆఖరిదని తెలిసి, చాలాసేపు తాగకుండా అలాగే పడుకుంది. చచ్చిపోతానని అప్పుడే మొదటిసారి అనిపించింది.

షెడ్డులో బట్టీ అక్క తొట్టిని పొడిగుడ్డతో తుడిచింది. తర్వాత బట్టీ కప్పు మీద, వెచ్చగా ఉండే చోట బోర్లించింది. కోడలు ఆరబెట్టిన కుండీల మధ్య స్టూలు మీద కూర్చుంది. అనుకున్న పని అవుతోంది, అయినా మనసు కుదుటగా లేదు. గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

"బాధగా ఉందా?" అంది బట్టీ అక్క.

"ఆవిడ పొయ్యదక్కా. ఒక్క రోజు పొయ్యదు. తాగడం మాత్రం తాగుతుంది."

"అలాంటివాళ్ళ కోసమేగా ఈ బట్టీ" అని బట్టీ అక్క లేచి తొట్టిని అందుకుంది. చేత్తో అడుగు తడిమింది. బాగా ఆరింది. బట్టీ తలుపు తెరిచింది. వేడిగాలి ఇద్దరి మొహాలకీ కొట్టింది. తొట్టిని లోపలి అరలోకి తొయ్యబోతూ ఆగిపోయింది.

"ఇదేంటి? ఇప్పుడేగా తుడిచాను!"

తొట్టిని వెలుతురులోకి తెచ్చింది. పూర్తిగా ఎండిన ఆ అడుగున నీళ్ళు ఊరాయి. ఎక్కువ కాదు, గుక్కెడు.

"పొయ్యదన్నావు, పోసిందిగా" అంది బట్టీ అక్క. "ఇంతే పోసిందేంటి మరి?"

కోడలు ఆ నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. కొలతలు కొలిచే ఆ కళ్ళకి ఆ కొలత కొత్తది కాదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రోజూ చూసింది. మాత్ర వేసుకున్నాక, అన్నం తిన్నాక, బయటినుంచి వచ్చి గటగటా తాగాక, ప్రతి గ్లాసు అడుగునా ఇంతే. నిన్న పుల్ల మునిగిన వరస గుర్తొచ్చింది. కాస్త మునిగి ఆగడం, ఇంకాస్త మునిగి ఆగడం, చివర్లో గుక్కెడు లేవడం.

పారబోసేవాళ్ళు అలా పారబొయ్యరు. తాగేవాళ్ళు తాగే పద్ధతది.

"అక్కా, తాగుతోంది" అంది. "మా అత్తయ్య ఇందులోంచి తాగుతోంది."

"కుండీలోంచా? కుళాయి ఉండగా?"

"కుళాయి అందట్లేదక్కా ఆవిడకి! నిన్నట్నుంచీ అందట్లేదు!"

బట్టీ అక్క ఇంకేం అడగలేదు. తొట్టిని నేల మీద పెట్టేసింది. పనివాళ్ళ కోసం ఉంచిన మంచినీళ్ళ క్యాను పరిగెత్తి తెచ్చింది. ఇద్దరూ కలిసి వంచారు. నీళ్ళు పోస్తుంటే తొట్టి నిండదే! సగం అటు పోతున్నాయి. కోడలు పోస్తూనే ఏడుస్తోంది. ఒంపింది తనే. నిండింది. నీటిమట్టం ఒక్క క్షణం అలాగే ఉండి, నెమ్మదిగా దిగింది. ఆగింది. దిగింది. గుక్కెడు లేచింది.

"బతికుంది" అంది కోడలు.

"నువ్వు వెళ్ళు. నేను పోస్తూ ఉంటా. అంచు తగ్గనివ్వను, ఒట్టు."

ట్యాక్సీలోనుంచి అత్తగారికి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. అతనికి చేసింది. వెనక లిఫ్టు షాఫ్టులో సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి.

"మీ అమ్మతో ఎప్పుడు మాట్లాడావు?"

"మొన్న. ఏం?"

"నిన్న?"

"ఎత్తలేదు. అలిగింది. పనిమనిషిని పెట్టుకోమంటే నేనేం ముసలిదాన్నా అని గొడవపడింది. అలిగితే ఫోన్ ఎత్తదుగా, నీకు తెలుసుగా."

తెలుసు. అదే వచ్చిన చిక్కు. ఆవిడ అలకలూ, మొండితనమూ అందరికీ ఎంత బాగా తెలుసంటే, ప్రాణం మీదికొచ్చినా అదే అలక అనుకున్నారు. కొడుకూ అంతే, కోడలూ అంతే.

"పడిపోయింది" అంది కోడలు. "ఎక్కడో పడి ఉంది. వెళ్తున్నా. నువ్వు బయల్దేరు."

అతను ఎలా తెలుసని అడగలేదు. సుత్తి దెబ్బలు ఆగిపోవడం మాత్రం ఆమెకి వినిపించింది.

బిల్డింగు ముందు దిగి వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని పైకి పరిగెత్తింది. తలుపు లోపల గడియ. కొట్టింది, పిలిచింది, చెవి ఆనించి వింది. వెనకనుంచి డ్రిల్లింగ్ మిషన్ గోల తప్ప ఏమీ లేదు. వాచ్‌మన్ అన్నాడు, "లేరేమోనమ్మా, నిన్నట్నుంచి దిగలేదు." దిగలేదంటే ఉన్నట్టే కదా! అతన్ని తలుపు పగలగొట్టమని చెప్పి తను మెట్లు దిగి వెనక వైపుకి పరిగెత్తింది. తలెత్తి చూస్తే అత్తగారి బాల్కనీ గొట్టంలోనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. బట్టీ అక్క ఒట్టు నిలబెట్టుకుంటోంది.

"ఆపండి! మిషన్ ఆపండి!"

పరంజా మీదున్న మేస్త్రీ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఏంటన్నట్టు చూశాడు. ఆమె రెండు చేతులూ ఊపింది. ఏమనుకున్నాడో ఏమో, వెనక్కి తిరిగి సైగ చేశాడు. మిషన్ ఆగింది.

నిన్నట్నుంచి మొదటిసారి ఆ సందులో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పైనుంచి చిన్న చప్పుడు, టక్, టక్ మని. స్టీలు గ్లాసు నేలకి కొడుతున్న చప్పుడు.

మేస్త్రీ పరంజా మీద నాలుగడుగులు అటు నడిచి వంగి చూశాడు. చూసి గబుక్కున తలమీది గుడ్డ తీసేశాడు. "ఇక్కడ ఒకావిడ పడుందమ్మా! చెయ్యి ఆడిస్తోంది!"

అతని మనుషులే గునపాలతో వచ్చి తలుపు తీశారు. కోడలు లోపలికి పరిగెత్తేసరికి బాల్కనీ అంతా నీళ్ళు. తొట్టి పొంగి పొర్లుతోంది. ఆ నీళ్ళలో, చెదిరిన మట్టి మధ్య, మొహమంతా ఎండకి కందిపోయి అత్తగారు పడుకుని ఉంది. చేతిలో గ్లాసుంది. కళ్ళు తెరిచి కోడలిని చూసింది. చూసి, గుసగుసగా అంది, "చాలు, ఆపమను. ఈత రాదు నాకు."

కోడలు ఆవిడ పక్కన నీళ్ళలోనే కూలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

ఆస్పత్రిలో ఆపరేషన్‌కి తీసుకెళ్ళేముందు కాసేపు ఇద్దర్నే వదిలారు. ఆ కాసేపట్లో కోడలు దాచుకోలేక చెప్పేసింది.

"ఒంపింది నేనే అత్తయ్యా."

"తెలుసు. ఇంకెవరు ఒంపుతారు?"

"విడదీయిద్దామని బట్టీకి తీసుకెళ్ళాను. మీకు చెప్పానని ఆవిడకి అబద్ధం చెప్పాను. ఇంకొక్క నిమిషం గడిచి ఉంటే..." మిగతాది అనలేకపోయింది. "మీరు ఒక్క రోజు కూడా గ్లాసుడు పొయ్యలేదని కోపం. ఎన్ని నెలలు ఎదురుచూశానో. ఒక్క గ్లాసు పొయ్యచ్చుగా మీరు?"

అత్తగారు కోడలి వైపు తల తిప్పింది.

"పోస్తే ఎలా తెలుస్తుందే?"

"ఏంటి?"

"నువ్వు ఇంటికి చేరినట్టు." ఆవిడ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది. "సాయంత్రం పుల్ల లేచిందంటే వచ్చేశావన్నమాట. నేనూ పోస్తే ఏవి నీ నీళ్ళో, ఏవి నావో? ఫోన్ చేసి వచ్చావా అని అడగడానికి నేను నీకేమవుతానని? ఒకరోజు లేవలేదు, ఆ రాత్రంతా కూర్చునే ఉన్నా. తెల్లారగానే వాడిచేత ఫోన్ చేయించా, గొడుగో ఏదో చెప్పి."

ఇన్ని నెలలు పిసినారితనం అనుకున్నది ఇది. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆ చెయ్యి మీద మొహం పెట్టుకుంది.

"నిన్న కూడా పుల్ల లేచింది" అంది అత్తగారు. "అమ్మయ్య అనుకున్నా. నేను పోయినా, పిల్ల ఇంటికి చేరింది కదా అనుకున్నా."

తర్వాత నర్సులు వచ్చి తీసుకెళ్ళిపోయారు.

అప్పుడే బట్టీ అక్క ఫోన్ చేసింది. "ఎలా ఉంది ఆవిడకి? బతికిందా? సరే, బట్టీ ఖాళీగానే ఉంది. నీ కుండీ ఏం చెయ్యమంటావు?"

"దాన్ని అలాగే ఉంచక్కా. నేనే వచ్చి తీసుకెళ్తా."

ఎముక అతకడానికి ఎండాకాలమంతా పట్టింది. కొడుకు ఆ ఊరి పని మానుకుని వచ్చి తల్లి దగ్గర ఉన్నాడు. పనిమనిషిని పెట్టుకోవడానికి అత్తగారు చివరికి ఒప్పుకుంది, కానీ రోజుకోసారైనా ఆ పిల్లతో గొడవ పెట్టుకునేది. కోడలు సెలవు రోజుల్లో వెళ్ళి చూసి వచ్చేది. మొగుడూ పెళ్ళాలు మళ్ళీ కలవలేదు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు కూడా. పగిలిన లోపలి కుండీ బదులు బట్టీ అక్క కొత్తది చేసి ఇచ్చింది. బాల్కనీ లిల్లీ మళ్ళీ వేళ్ళు పట్టుకుంది. ఇప్పుడది మంచం పక్కన, చేతికందేంత దూరంలో ఉంటుంది.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం కోడలు ల్యాబు నుంచి తడిసి ముద్దై వచ్చింది. సంచీ దించకుండానే వంటగదిలోకి వెళ్ళి, గ్లాసుడు నీళ్ళు పట్టి, కుండీ మూతిలో పోసింది. ఎర్రపుల్ల లేచింది. ఆమె కదల్లేదు. చేతిలో ఖాళీ గ్లాసు పట్టుకుని, జుట్టునుంచి నీళ్ళు కారుతుండగా చూస్తూ నిలబడింది.

పుల్ల ఇంకో గుక్కెడు పైకి లేచింది.

ఆమె అప్పుడు సంచీ దించింది.